పెరటి షెడ్డులో పుట్టిన విమానం: జైరోప్లేన్ కథ

సంఘం కార్యవర్గం వారు ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసాలు పంపవలసిందిగా కోరినప్పుడు, మన సభ్యుల్లో చాలామంది గుడి మీదో, కోట మీదో, తమ ఊరి చెరువు మీదో రాస్తారని అనుకున్నాను. వాటి మీద నాకంటే సాధికారంగా రాయగలవారు మనలో ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం ఇరిగేషన్ డివిజన్ ఆఫీసుల్లో ఎస్టిమేట్లు, ఎం-బుక్కులు, ఫెర్రో ప్రింట్ల మధ్య గడిపినవాణ్ణి. డ్రాయింగు గీసే చదువు నాకు లేదు గాని, డ్రాయింగులో ఒకటీ పని జాగాలో ఒకటీ ఉంటే ఏమవుతుందో ముప్ఫై ఏళ్ల పైచిలుకు కాగితాల మీద చూశాను. అందుకని ఒక డ్రాయింగు చరిత్రే రాస్తున్నాను. అది కాలువది కాదు, వంతెనది కాదు. అల్యూమినియం గొట్టాలూ బోల్టులూ తెచ్చుకొని, తీరిక వేళల్లో ఇంటి షెడ్డులో మనిషి తనకోసం తాను కట్టుకునే ఒక చిన్న విమానానిది.

దాన్ని జైరోప్లేన్ అంటారు. మొదట కనిపెట్టినాయన పెట్టిన పేరు ఆటోజైరో. తరువాత అమెరికాలో జైరోకాప్టర్ అన్నారు. చూడడానికి హెలికాప్టరు పిల్లలాగా ఉంటుంది గాని హెలికాప్టరు కాదు. హెలికాప్టరులో ఇంజను నెత్తిమీది రెక్కలను తిప్పుతుంది. దీనిలో గాలిలో ఉండగా ఇంజనుకూ ఆ రెక్కలకూ సంబంధమే లేదు. ఇంజను ఒక పంకాను తిప్పి బండిని ముందుకు నెడుతుంది, అంతే. ముందుకు పోతున్న కొద్దీ కింద నుంచి ఎదురుగా వచ్చే గాలికి పైనున్న రెక్కలు వాటంతటవే తిరుగుతాయి. తిరుగుతున్నాయి కాబట్టి బరువును మోస్తాయి. పెద్ద పెద్ద సూత్రాలు అక్కరలేదు. చిన్నతనంలో తాటాకు ముక్కలు రెండు అడ్డంగా పేర్చి, నడుమ తుమ్మముల్లు గుచ్చి, జొన్నదంటు చివర నిలిపి పొలం గట్ల మీద పరుగెత్తినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. పరుగెడితే తిరిగేది, ఆగితే ఆగేది. ఆ తాటాకు చక్రాన్నే కొంచెం వెనక్కి వాల్చి నెత్తిన పెట్టుకుంటే జైరోప్లేన్ అవుతుంది. ఇంజను ఆగిపోతే ఏమవుతుందన్న సందేహం రావచ్చు. మాధవీలత కాయను ఎప్పుడైనా ఎత్తు నుంచి వదిలి చూశారా? దానికి మూడు రెక్కలుంటాయి. గిరగిరా తిరుగుతూ నింపాదిగా నేలకు దిగుతుంది. ఇదీ అంతే. అయితే హెలికాప్టరులాగా గాలిలో ఒకచోట నిలబడలేదు, ఉన్నచోటునుంచి నిట్టనిలువుగా లేవలేదు. కాస్త పరుగు కావాలి.

దీన్ని కనిపెట్టినవాడు స్పెయిన్ దేశస్థుడు జువాన్ డి లా సియెర్వా. 1895లో ముర్సియా పట్టణంలో పుట్టాడు. తండ్రి మంత్రి పదవులు నిర్వహించిన రాజకీయవేత్త. కొడుకు చదివింది మాత్రం సివిల్ ఇంజనీరింగు. ఆ దేశంలో ఆ పట్టాకు పేరే రోడ్లు, కాలువలు, రేవుల ఇంజనీరని. అంటే ఒకవిధంగా మన శాఖ మనిషే. పదహారు పదిహేడేళ్ల వయసులో, 1912లో, స్నేహితులతో కలిసి ఒక విమానం కట్టాడు. ఎర్రరంగు వేసినందువల్ల దాన్ని పీత అని పిలిచేవారట. 1919లో మూడు ఇంజన్ల పెద్ద బాంబరు విమానం తయారుచేసి సైన్యానికి చూపించాడు. నడిపే అధికారి తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో మలుపు తిప్పాడు. విమానం కూలింది. అధికారి బతికాడు, విమానం ముక్కలయింది.

విమానం రెక్క గాలిని కోసుకుంటూ తగినంత వేగంగా పోతేనే మోస్తుంది. వేగం తగ్గి ముక్కు మరీ పైకి లేచిందంటే, రెక్క మీద గాలి చెదిరిపోయి, మోసే శక్తి హఠాత్తుగా పోతుంది. దీన్ని స్టాల్ అంటారు. నేలకు దగ్గరగా స్టాల్ అయితే సర్దుకునే వ్యవధి ఉండదు. ఆ రోజుల్లో విమాన చోదకులు అలా ఎంతమంది పోయారో లెక్కలేదు. సియెర్వా ఆలోచన ఇదీ: విమానం నెమ్మదించినా రెక్క మాత్రం నెమ్మదించకూడదు. అంటే రెక్క విడిగా తిరుగుతూ ఉండాలి.

1920 నుంచి వరసగా మూడు నమూనాలు కట్టాడు. మూడూ నేలమీద పరుగెత్తి, లేవబోయి, ఒక పక్కకు ఒరిగి బోర్లా పడ్డాయి. కారణం ఆలోచిస్తే తేలికగానే అర్థమవుతుంది. రెక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, బండి ముందుకు పోతున్నది. ఒక పక్క రెక్క గాలికి ఎదురు వస్తుంది, దానికి గాలి జోరు ఎక్కువ, ఎక్కువ లేపుతుంది. రెండో పక్క రెక్క గాలితోపాటు వెనక్కి పోతుంది, తక్కువ లేపుతుంది. కావడి ఒకవైపు బరువు తగ్గినట్టే. చిత్రమేమిటంటే, ఆయన చేసిన చిన్న బొమ్మ నమూనా మాత్రం శుభ్రంగా ఎగిరేది. బొమ్మ ఎగిరి అసలుది ఎందుకు పడుతోందని తల బద్దలుకొట్టుకోగా చివరికి తట్టింది. బొమ్మకు పెట్టినవి పేము రెక్కలు. మన హైస్కూలు మాస్టార్ల చేతుల్లోని పేము బెత్తం ఎలా వంగేదో మనకు చెప్పనక్కరలేదు గదా! ఎక్కువ గాలి తగిలిన రెక్క వంగి పైకి లేస్తుంది, తక్కువ తగిలినది కిందికి దిగుతుంది, అసమానత సర్దుకుంటుంది. పెద్దదానికి వాడినవి ఉక్కు దూలాలు, అవి వంగవు. ఒపేరా నాటకం చూస్తుండగా ఆయనకు ఈ సంగతి తట్టిందని ఒక కథ కూడా ఉంది. మొత్తానికి రెక్కల మొదట్లో తలుపుకు బందులు వేసినట్టు బందులు వేశాడు. రెక్క స్వేచ్ఛగా పైకీ కిందికీ ఆడుతుంది.

1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గరి గెటాఫే విమానాశ్రయంలో, గోమెజ్ స్పెన్సర్ అనే సైనికాధికారి నడపగా, ఆ నాలుగో రకం ఒరగకుండా గాలిలోకి లేచింది. ఆ నెలలోనే మరొకసారి లేచిన కాసేపటికి ఇంజను ఆగింది. మామూలు విమానమైతే పని అయిపోయేది. ఇది బుట్ట దించినట్టు దిగింది. నెలాఖరుకు నాలుగు కిలోమీటర్ల చుట్టు తిరిగి వచ్చింది.

తరువాతి పదమూడేళ్లూ వేగంగా గడిచాయి. 1925లో ఇంగ్లండులో ప్రదర్శన, 1926లో అక్కడే కంపెనీ. 1927లో ఒక యంత్రానికి గాలిలోనే రెక్క విరిగింది. అప్పటిదాకా రెక్క పైకీ కిందికీ మాత్రమే ఆడేది, ముందుకూ వెనక్కూ కూడా ఆడడానికి రెండో బందు వేశాడు. 1928 సెప్టెంబరు 18న తానే నడుపుతూ లండన్ క్రాయ్‌డన్ నుంచి పారిస్ లె బూర్జేకు సముద్రం దాటాడు. 1936 డిసెంబరు 9న అదే క్రాయ్‌డన్‌లో పొగమంచులో ఒక ప్రయాణికుల విమానం లేచిన కాసేపటికే ఇళ్ల మీద కూలింది. అందులో ప్రయాణికుడిగా ఉన్న సియెర్వా మరణించాడు. వయసు 41 ఏళ్లు. మామూలు రెక్కల విమానం అది.

అమెరికాలో పిట్‌కేర్న్, కెల్లెట్ సంస్థలు లైసెన్సు తీసుకొని ఇవి తయారుచేశాయి. 1939 జులై నుంచి ఏడాదిపాటు ఫిలడెల్ఫియా పెద్ద పోస్టాఫీసు మేడ మీది నుంచి విమానాశ్రయానికి టపా సంచులు ఆటోజైరోలో పోయాయి. తపాలా శాఖలో చేసి రిటైరయిన మన సభ్యులకు ఈ సంగతి సంతోషం కలిగిస్తుందని రాస్తున్నాను. ఇంతలో హెలికాప్టరు వచ్చింది. సియెర్వా బందులే హెలికాప్టరుకూ ఆధారమయ్యాయి. పునాది వేసినవాణ్ణి లోకం మరిచిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో దీనికి ఇంకో వింత రూపం వచ్చింది. జర్మన్లు తమ జలాంతర్గాముల్లో ఇంజను లేని, మడిచిపెట్టుకునే చిన్న జైరో ఒకటి పెట్టుకునేవారు. నీటిపైకి వచ్చి ముందుకు పోతూ, ఉక్కు తాడుకు కట్టి గాలిపటంలాగా దాన్ని ఎగరవేసేవారు. మనిషి సుమారు 120 మీటర్ల ఎత్తున కూర్చుని చుట్టూ చూసి టెలిఫోనులో కిందికి చెప్పేవాడు. పైకప్పు నుంచి ఐదు మైళ్లు కనిపించే చోట అక్కడి నుంచి పాతిక నాటికల్ మైళ్లు కనిపించేది. దీని వాడకం ఎక్కువగా మన హిందూ మహాసముద్రంలోనే. 1943 ఆగస్టులో యు-177 అనే జలాంతర్గామి దీని సాయంతోనే ఒక గ్రీకు ఓడను కనిపెట్టి ముంచింది. శత్రు విమానం వస్తే జలాంతర్గామి మునిగిపోవాలి. పైనున్నవాడు రెక్కలు విడిచేసి పారాచూట్‌తో దిగాలి. ఆ ఉద్యోగానికి రిస్కు అలవెన్సు ఎంత ఇచ్చేవారో!

బ్రిటిషు వాళ్లు కూడా అటువంటిదే మనిషిని దించడానికి ఒకటి చేశారు. రోటాచూట్ అన్నారు. యుద్ధం తరువాత అది అమెరికాకు పరీక్షకు పోయింది. దాన్ని పరిశీలించినవారిలో రష్యాలో పుట్టి అమెరికా చేరిన ఇంజనీరు ఇగోర్ బెన్సెన్ ఒకడు. మన కథలో రెండో ముఖ్యుడు. 1953లో ఉత్తర కరోలినా రాష్ట్రం రాలీలో సొంత సంస్థ పెట్టి, మొదట కారు వెనక తాడు కట్టి లాగే గ్లైడరు చేశాడు, తరువాత దానికి ఇంజను బిగించాడు. 1957లో బి-8ఎం అనే నమూనా ఎగిరింది. దీనికి వాడినది సైన్యం ఫిరంగి గురి నేర్చుకోవడానికి ఎగరవేసే లక్ష్య విమానాల 72 హార్సుపవర్ మెక్కల్లో ఇంజను. ఖాళీ బండి బరువు నూటపది కిలోల చిల్లర. రెండు గోనె సంచుల వడ్లు అనుకోండి.

బెన్సెన్ గొప్పతనం ఎగరడంలో కంటే డ్రాయింగులు అమ్మడంలో ఉంది. సైన్సు పత్రికల్లో ప్రకటనలు వేశాడు. రెండంగుళాల చదరపు అల్యూమినియం గొట్టం అడ్డంగా ఒకటి, నిలువుగా స్తంభంగా జంట, చక్రాలకు ఇరుసుగా ఇంకొకటి. వెల్డింగు లేదు, అన్నీ బోల్టులే. రంపం, డ్రిల్లు ఉన్నవాడెవడైనా బిగించుకోవచ్చు. ఆ దేశంలో సొంతంగా కట్టుకున్న విమానాలకు ఎక్స్‌పెరిమెంటల్ అని వేరే తరగతి ఉంది కాబట్టి చట్టమూ అడ్డు రాలేదు. వేలమంది డ్రాయింగులు కొన్నారు. రైతులు, మెకానిక్కులు, గుమస్తాలు, స్కూలు మాస్టర్లు విమానం కట్టుకోవడం మొదలుపెట్టారు. 1962లో వాళ్లందరికీ ఒక సంఘం కూడా పెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. సియెర్వా యంత్రాలకు ఇంజను ముందు ఉండేది, వెనక పొడుగాటి తోక, తోకకు అడ్డంగా మంచి వెడల్పైన పలక ఉండేవి. ఆ అడ్డపలకే ముక్కు పైకీ కిందికీ ఎగరకుండా బండిని నిలిపేది. బెన్సెన్ ఇంజనును మనిషి వెనక్కి తెచ్చాడు, తోకను కురచ చేశాడు. తేలికదనం కోసం ఆ వెడల్పైన అడ్డపలక పోయింది. ఆయన పెట్టిన చిన్న ఇంజనుకూ, నాలుగడుగుల పంకాకూ ఒకవిధంగా జరిగిపోయింది. మూలప్రతిలో ఉన్నది నకలులో జారిపోవడమంటే ఇదే.

మన వయసువాళ్లకు ప్రత్యేకించి చెప్పవలసినవాడు ఇంగ్లండుకు చెందిన కెన్ వాలిస్. 1916లో పుట్టాడు. యుద్ధంలో బాంబర్లు నడిపాడు. 1961లో తన సొంత నమూనా జైరోను ఎగరవేశాడు. 1964లో వైమానిక దళం నుంచి రిటైరయ్యాడు. అసలు ఉద్యోగం అప్పుడే మొదలయింది. 1967లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'యు ఓన్లీ లివ్ ట్వైస్'లో పసుపుపచ్చ చిన్న విమానం లిటిల్ నెల్లీని మనలో కొందరైనా టౌను థియేటర్లలో చూసే ఉంటారు. అది ఆయన యంత్రమే, నడిపిందీ ఆయనే. తెరమీద ఏడెనిమిది నిమిషాల కోసం 85 సార్లు లేచి దిగాడు. 1970లో లాక్ నెస్ సరస్సులో రాక్షస జంతువు ఉందా అని వెదకడానికీ ఎగిరాడు, అది దొరకలేదనుకోండి. 1975 సెప్టెంబరులో ఇంగ్లండు దక్షిణం నుంచి స్కాట్లండు ఉత్తరం దాకా ఎక్కడా దిగకుండా 874 కిలోమీటర్లు పోయాడు. 2002 నవంబరులో, 86 ఏళ్లు నిండాక, గంటకు 207.7 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు సాధించాడు. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి మెట్లెక్కాలంటే మనం ఆయాసపడతాం. ఆయన 2013లో 97వ ఏట పోయాడు.

ఇక కొండా కోనా, ముళ్లకంపల నేలల సంగతి. అమెరికాలో జైరో ఆదివారం సరదాగా ఉండిపోయింది. పని చేసే బండిగా దానికి గౌరవం దక్కింది ఆస్ట్రేలియాలో. అక్కడి పశువుల కేంద్రాలు మనం ఊహించలేనివి. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్ అనే ఒక్క కేంద్రం 15 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2022 విభజనకు ముందరి మన గుంటూరు జిల్లా మొత్తం 11,391 చదరపు కిలోమీటర్లే. అంత నేలలో చెదిరిన పశువులను ఏడాదికొకసారో రెండుసార్లో తోలుకొచ్చి దొడ్డిలో వేయాలి. గుర్రాలకు రోజులు పడతాయి. విమానం వేగం ఎక్కువ, ఆవు వెనక పోలేదు. హెలికాప్టరు బ్రహ్మాండంగా చేస్తుంది గాని ఖర్చు భరించాలి. నెమ్మదిగా, చెట్ల ఎత్తున, ఆవుల వెనక మెలికలు తిరుగుతూ పోగలిగి, పాడయితే దొడ్లోనే రిపేరు చేసుకోగలిగిన బండి కావాలి. క్వీన్స్‌లాండ్, ఉత్తర ప్రాంతం రైతులు తమ జైరోలు తామే కట్టుకున్నారు.

పుస్తకంలో చెప్పినట్టు కట్టిన బండి ఆ నేల మీద వారం నిలవదు. అక్కడ రన్‌వే అంటే చీమల పుట్టలు కొట్టేసిన బీడు. అందుకని సన్నటి చక్రాలు తీసేసి, గాలి తక్కువ నింపే వెడల్పాటి టైర్లు వేశారు. గట్టి ఇరుసు పోయి, షాక్ అబ్సార్బర్లతో బాగా కిందికీ పైకీ ఆడే పొడుగు కాళ్లు వచ్చాయి. చక్రం లేపిన రాయి నేరుగా వెనకనున్న పంకాలోకి పోతుంది కాబట్టి చక్రాలకు మడ్‌గార్డులు, పంకా అంచుకు తొడుగు. ఎర్రదుమ్ముకు పెద్ద ఎయిర్ ఫిల్టరు. పెట్రోలు ట్యాంకే సీటుగా పోతపోసిన ప్లాస్టిక్ తొట్టి, దాని మీద మనిషి. ఇంజను కోసం పాత సుబారు కార్లను వెదికేవారు. ఆ 1.8 లీటర్ల ఇంజను ఎంత ఎండకైనా తట్టుకుంటుందని పేరు. గతుకుల్లో పరుగెత్తేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. పై రెక్కలు ఇంకా నెమ్మదిగా తిరుగుతుండగా బండి ఎగిరి పడితే, రెక్క ఆడి తోకను కొట్టేస్తుంది. పూర్వం చేత్తో తోసి రెక్కలు తిప్పి, గాలికి ఎదురు నిలబడి, కాస్త కాస్త పరుగెత్తించి జోరు పెంచుకునేవారు. తరువాత కదలకముందే రెక్కలను ఇంజనుతో తిప్పే చిన్న క్లచ్చి ఒకటి పెట్టుకున్నారు. నేల వదిలే ముందు దాన్ని విడిచేస్తారు.

ఇదంతా మెచ్చుకోవలసిన పనితనమే. కాని ఈ మార్పుల్లో ఒకటి మనుషులను చంపింది, ఆస్ట్రేలియాలోనే కాదు, జైరోలు కట్టుకున్న ప్రతి దేశంలోనూ.

బలమైన ఇంజనుకు పెద్ద పంకా కావాలి. నాలుగడుగులది పోయి అయిదడుగులు పైబడినది వచ్చింది. కింద ఉన్న అల్యూమినియం గొట్టానికి పంకా తగలకూడదు గనుక ఇంజనును పైకి లేపారు. సీటు మాత్రం బెన్సెన్ పెట్టినచోటే, కింద ఉంది. అంటే మొత్తం బరువు కేంద్రం కిందా, తోసే శక్తి పైనా అయ్యాయి. పెట్టెను అడుగున కాక నెత్తిన పట్టుకుని తోస్తే ఏమవుతుంది? ముందుకు బోర్లా పడుతుంది. గాలిలో మామూలుగా పోతున్నంతసేపు పైనున్న రెక్కలు వెనక్కి పట్టి లాగుతుంటాయి కాబట్టి ఇది బయటపడదు. గాలి కుదుపుకో, నడిపేవాడు స్టిక్కును చటుక్కున ముందుకు నెట్టినందుకో, రెక్కల మీద బరువు ఒక్క క్షణం తగ్గిందనుకోండి, ఆ పట్టు పోతుంది. ఇంజను మాత్రం పైనుంచి తోస్తూనే ఉంటుంది. బండి రెండు మూడు సెకన్లలో పల్టీ కొడుతుంది. బరువు లేని రెక్కలు నెమ్మదించి తోకను నరికేస్తాయి. దాని తరువాత చేయగలిగిందేమీ లేదు. పవర్ పుష్ ఓవర్ అని దానికి పేరు. స్టాల్ చావు లేకుండా చేయాలని పుట్టిన యంత్రానికి తనదైన ఇంకో చావు వచ్చింది.

మన శాఖలో కాంట్రాక్టరు మంజూరయిన డ్రాయింగు దాటి ఒక అడుగు పెంచినా డీవియేషన్ స్టేట్‌మెంటు పెట్టాలి. పైనుంచి శాంక్షను రావాలి. ఆ కాగితాలు చూసి విసుక్కున్నవాళ్లం మనమే. కాని దానిలో అర్థమేమిటంటే, ఒకచోట మార్చినప్పుడు దానివల్ల మిగిలినచోట్ల ఏమి మారుతుందో ఎవరో ఒకరు లెక్క కట్టాలని. గోడ ఎత్తు పెంచినవాడు పునాది షీటు కూడా తిరగేయాలి. షెడ్డులో ఒంటరిగా కట్టుకునేవాడికి ఆ కాగితం అడిగేవాడు లేడు. ఇంజను మార్చాడు, మొదటి పేజీ సవరించాడు, రెండో పేజీ బెన్సెన్‌దే ఉండిపోయింది. పక్కవాడు ఆ బండి చూసి తాను కట్టుకున్నాడు. ప్రమాదం జరిగితే నడిపేవాడికి శిక్షణ చాలలేదన్నారు. కొన్నిసార్లు అది నిజమే కూడా. అందుకే అసలు కారణం అంతకాలం దాగింది. తెలిసి చెప్పినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో ఫ్లారిడా వైపు కొందరు సీటునూ ట్యాంకునూ పైకి లేపి, వెనక ఎత్తయిన తోక, అడ్డపలక పెట్టి కట్టసాగారు. చూడడానికి కొంగలాగా ఉన్నాయని మిగిలినవాళ్లు నవ్వారు.

1990వ దశకంలో బ్రిటన్‌లో వరసగా మరణాలు జరిగిన తరువాత, అక్కడి పౌర విమానయాన సంస్థ గ్లాస్గో విశ్వవిద్యాలయం వారిచేత పరిశోధన చేయించింది. యంత్రాలకు కొలత పరికరాలు బిగించి, ఎగరవేసి, లెక్కలు కట్టారు. తేలినది ఒక్క ముక్క: తోసే గీత, బరువు కేంద్రం ఎంత ఎడంగా ఉన్నాయన్నదే అన్నిటికంటే ముఖ్యం. ఆ ఎడం పైకిగాని కిందికిగాని రెండంగుళాలు దాటకూడదని బ్రిటిషు నియమాల్లో చేరింది. సియెర్వా యంత్రం 1923లో అడ్డపలకతో ఎగిరింది. ఈ రెండంగుళాల మాట కాగితం మీదికి రావడానికి డెబ్భై ఏళ్ల పైన పట్టింది.

ఈ రెండంగుళాలు కొలవడానికి విశ్వవిద్యాలయం కూడా అక్కరలేదు. మనిషిని కూర్చోబెట్టి, పెట్రోలు పోసి, బండిని పై రెక్కల ఇరుసు దగ్గర తాడు కట్టి చూరు దూలానికి వేలాడదీయాలి. మేస్త్రీలు వాడే తూకపు గుండు ఆ కట్టిన చోటునుంచి జారవిడిచి స్తంభం మీద పెన్సిలుతో గీత గీయాలి. తరువాత ఇంకోచోట కట్టి వేలాడదీసి మళ్లీ ఒక గీత. రెండు గీతలు ఎక్కడ కలిస్తే అదే బరువు కేంద్రం. పంకా నడిబొడ్డు దానికి ఎంత పైన ఉందో స్కేలుతో చూసుకోవడమే. తాడు, గుండు, పెన్సిలు.

నేను దీన్ని కళ్లారా చూసింది 2018లో. మా అమ్మాయి, అల్లుడు బ్రిస్బేన్‌లో ఉంటారు. సెలవుల్లో పడమరగా 480 కిలోమీటర్లు కారులో తీసుకుపోయి రోమా అనే ఊరు చూపించారు. పశువుల సంతకు ఆ దేశంలో పేరుపడ్డ ఊరు. ఊరి బయట అల్లుడికి తెలిసిన ఒక రైతు, నా ఈడువాడే, తన షెడ్డు చూపించాడు. జైరో దుమ్ము కొట్టుకుని ఉంది. టైర్లు మన ట్రాలీ టైర్లంత. సీటు ఎంత ఎత్తున ఉందంటే ఎక్కడానికి ఒక మెట్టు వెల్డింగు చేసి పెట్టుకున్నాడు. మనిషి బరువు పంకా గీత దాకా లేవాలని అలా చేశాడట. పొట్టి కాళ్ల మీద అంత ఎత్తు సీటు పెడితే నేలమీద ఒరుగుతుంది కాబట్టి చక్రాల ఎడం కూడా పెంచాడు. పంకా గాలి నేరుగా తగిలేటట్టు వెనక వెడల్పాటి అడ్డపలక, తెల్లరంగు పోయి అల్యూమినియం కనపడుతోంది. అంతకుముందు తన దగ్గర మామూలు రకం ఉండేదనీ, తనదాని పక్కనే కట్టుకున్న స్నేహితుడు పొలంలోనే పోయాడనీ, ఆ తరువాత దాన్ని రంపంతో కోసేశాననీ చెప్పాడు. అంతకుమించి ఆ విషయం ఎత్తలేదు. నేనూ అడగలేదు.

స్తంభం మీద పెన్సిలు గీతలు కనపడ్డాయి. ఒకదాన్నొకటి దాటుకుంటూ నాలుగైదు జతలు, ప్రతి జతకూ పక్కన తేదీ. ఎం-బుక్కులో వేసినట్టు వరసగా. ఇన్నిసార్లు ఎందుకని అల్లుడిచేత అడిగించాను.

"మామయ్యగారూ, బండిలో ఏది మార్చినా మళ్లీ వేలాడదీస్తాడట" అన్నాడు అల్లుడు.

చివరి తేదీ కిందటి నెలది. ఏమి మార్చావని అడిగితే, రేడియేటరు చిల్లుపడి కొంచెం పెద్దది వేశానన్నాడు.